గుంజ విరిగే చోటు

2022 ఫిబ్రవరి 18న యూనిస్ తుఫాను ఇంగ్లండును ఊపేసింది. ఐల్ ఆఫ్ వైట్ దీవి కొసన, నీడిల్స్ దగ్గర, గాలి గంటకు 196 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఇంగ్లండులో అప్పటిదాకా నమోదైన గాలుల్లో అదే పెద్దది. ఇలాంటి గాలివాన వెలిసిన మర్నాడు బ్రిటన్‌లో ఏ పేటలో తిరిగినా ఇళ్ళ వెనక చెక్క కంచెలు పలకలకు పలకలే పక్కింటి పెరట్లో బోర్లా పడి కనిపిస్తాయి. వాటిని లేపి గుంజలు ఎక్కడ విరిగాయో చూడండి. నడిమికి విరిగినవి అరుదు, తల దగ్గర విరిగినవి అసలుండవు. నేలమట్టానికి జానెడు అటూ ఇటూగానే పుటుక్కుమని ఉంటాయి.

విరిగిన గుంజ మొదలును తవ్వి తీస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అడుగున, మూరెడు లోతులో, చెక్క ఇంకా గట్టిగానే ఉంటుంది. గోరుతో గీరితే గీత పడదు. పైన గాలికీ ఎండకూ నిలబడిన భాగం రంగు వెలిసినా బలం చెడదు. మధ్యలో ఉన్న ఆ జానెడు మాత్రం వేళ్ళ మధ్య నలిపితే గోధుమరంగు పొడిగా రాలిపోతుంది, అడ్డంగా నిలువుగా పగిలి చిన్న చిన్న దిమ్మలుగా ఊడి వస్తుంది. ఒకే చెట్టు, ఒకే గుంజ, ఒకే వయసు. పైన బతికింది, కింద బతికింది, నడుమ చచ్చింది.

చెక్కను తినే శిలీంధ్రానికి నాలుగు కావాలి: తిండి, నీరు, గాలి, కాస్త వెచ్చదనం. తిండి చెక్కే. నీటి దగ్గరే లెక్క ఉంది. పొడి చెక్క బరువుతో పోల్చి చూస్తే, నూటికి ఇరవై వంతుల లోపు తేమ ఉన్నంత కాలం శిలీంధ్రం దాని జోలికి రాదు. 28, 30 శాతం దాటాక కణాల గోడలు తాగగలిగినంతా తాగేసి ఉంటాయి. ఆపైన చేరే నీరు కణాల లోపలి ఖాళీల్లో నిలుస్తుంది. శిలీంధ్రానికి అప్పుడు పండగ. నేలకు పైన ఉన్న భాగం వానకు తడిసినా గాలికి ఆరిపోతుంది, అందుకే ఆ గీత దాటి ఎక్కువసేపు ఉండదు. లోతున ఉన్న భాగం ఎప్పుడూ తడిగానే ఉంటుంది, కానీ అక్కడికి ఆక్సిజన్ అంతంత మాత్రంగానే చేరుతుంది. నీరూ గాలీ రెండూ పుష్కలంగా కలిసే చోటు నేలమట్టం ఒక్కటే.

పూర్తిగా నీట మునిగిన చెక్క వందల ఏళ్ళు ఉండటానికీ కారణం ఇదే. బురదలోకి దిగ్గొట్టిన మొద్దుల మీద వెనిస్ నగరం శతాబ్దాలుగా నిలిచి ఉంది. ఆల్ప్స్ పర్వతాల చుట్టూ సరస్సుల్లోనూ చిత్తడి నేలల్లోనూ చరిత్రకు ముందటి ఇళ్ళ గుంజలు నేటికీ దొరుకుతున్నాయి. 2011లో యునెస్కో అలాంటి 111 స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గాలి ఆడని చోట బ్యాక్టీరియా మెల్లగా కొరుకుతూనే ఉంటుంది గానీ, శిలీంధ్రమంత వేగం దానికి లేదు.

గోధుమరంగు పొడి చేసే శిలీంధ్రాల పద్ధతి మరీ చిత్రమైనది. సెల్యులోజ్‌ను కోయడానికి అవి మొదట ఎంజైములను పంపవు. కణం గోడ సందుల్లో దూరడానికి ఎంజైముల అణువులు మరీ పెద్దవి. అందుకని చెక్కలోనూ మట్టిలోనూ ఉన్న కొద్దిపాటి ఇనుమును కరిగించి, దానికి హైడ్రోజన్ పెరాక్సైడును జతచేస్తాయి. ఆ రెండూ కలిసిన చోట పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అడ్డొచ్చిన దేన్నయినా తెంచేస్తుంది. 1894లో హెచ్.జె.హెచ్. ఫెంటన్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త తన గాజు పాత్రలో చూసిన చర్యే ఇది. ఆయన పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందు నుంచే పుట్టగొడుగుల బంధువులు దాన్ని వాడుకుంటున్నాయి. దీని ఫలితం మోసకారిది. చెక్క బరువు పదో వంతు కూడా తగ్గకముందే దాని వంపు బలంలో సగానికి పైగా పోవచ్చు. చూడ్డానికి గుంజ గుంజలాగే ఉంటుంది, లోపల పొడవాటి తీగల్లాంటి అణువులన్నీ అప్పటికే ముక్కలై ఉంటాయి.

దీనికి యంత్రశాస్త్రం తోడవుతుంది. కంచె పలకను గాలి నెట్టినప్పుడు గుంజ మీద వంపు ఒత్తిడి అంతటా ఒకేలా ఉండదు. తల దగ్గర సున్నా, కిందికి దిగినకొద్దీ పెరుగుతూ నేలమట్టం దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. అంటే గుంజకు బలం ఎక్కడ ఎక్కువ కావాలో శిలీంధ్రం సరిగ్గా అక్కడే భోజనానికి కూర్చుంటుంది. చతురస్రపు గుంజ వంపు బలం దాని భుజం ఘనాన్ని బట్టి ఉంటుంది. 100 మిల్లీమీటర్ల గుంజను నాలుగు వైపులా ఒక్క సెంటీమీటరు చొప్పున పుచ్చు తినేస్తే మిగిలేది 80 మిల్లీమీటర్లు. 80 ఘనాన్ని 100 ఘనంతో భాగిస్తే 0.51. గోరంత లోతు చివికిపోతే బలం సగానికి పడిపోయిందన్నమాట.

ఇంత పాత సమస్యకు పాత పరిష్కారం లేకపోదు. చెక్కను మట్టికి తగలనివ్వకపోవడమే అది. మన పాత మండువా లోగిళ్ళలో టేకు స్తంభాలు నేలలోకి దిగవు, ఒక్కొక్కటీ ఒక్కో రాతి దిమ్మ మీద కూర్చుని ఉంటుంది. ఆ రాయి అందానికి కాదు, లేదా అందానికి మాత్రమే కాదు. మట్టిలోని తడి రాతిని దాటి చెక్క కొసకు ఎక్కకుండా అది ఆపుతుంది. గుడిసె గుంజలకూ పశువుల పాక రాటలకూ అంత యోగం ఉండదు. వాటిని నేలలోనే పాతాలి. అందుకే మొదలును కాస్త కాల్చో తారు పూసో పాతేవారు. పైన బొగ్గు పొర కాసేపు కాపాడుతుంది, అది పగిలిన చోటు నుంచి లోపలి చెక్క మామూలుగానే చివుకుతుంది.

రాయి మీద నిలపడాన్నీ నేలలో పాతడాన్నీ పక్కపక్కన చూడాలంటే జపాన్ వెళ్ళాలి. ఇసే మహాక్షేత్రంలో సైప్రస్ స్తంభాలను నేరుగా నేలలో పాతుతారు, ఇరవై ఏళ్ళకోసారి గుడిని పక్క స్థలంలో కొత్తగా కడతారు. 2013లో జరిగింది 62వ సారి. నారా దగ్గరి హోర్యూజీ బౌద్ధ విహారం స్తంభాలు రాళ్ళ మీద నిలబడ్డాయి. ప్రపంచంలో నేటికీ నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అదే అతి పురాతనమైనది, వయసు పదమూడు వందల ఏళ్ళ పైమాటే. అక్కడి పగోడా మధ్య స్తంభాన్ని మాత్రం మొదట నేలలో పాతారు. పాతిన భాగం కాలక్రమంలో చివికి, 20వ శతాబ్దంలో తవ్వి చూస్తే దాని కింద ఖాళీ గొయ్యి కనిపించింది. ఒకే కట్టడంలో ప్రయోగమూ, పోల్చి చూడటానికి సాక్ష్యమూ రెండూ దొరికాయి. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగాన్ని ఏ ప్రయోగశాలా పెట్టలేదు.

చెక్కను కాపాడటానికి రెండో దారి విషం. 1838లో జాన్ బెతెల్ అనే ఇంగ్లీషువాడు మూసిన పీపాలో చెక్కను పెట్టి, గాలి లాగేసి, క్రియోసోటు నూనెను ఒత్తిడితో లోపలికి ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రైలు స్లీపర్లూ టెలిగ్రాఫ్ స్తంభాలూ ఆ నల్లనూనెతోనే దశాబ్దాలు నిలిచాయి. క్రియోసోటు కంపు కొడుతుంది, చేతికీ బట్టకూ అంటుతుంది, పెరట్లోకి పనికిరాదు. ఇక్కడే మనకు తెలిసిన ఇంటిపేరు ఒకటి కథలోకి వస్తుంది. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో శొంఠి కామేశం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి కొత్త మందు తయారుచేశాడు. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది, ఆర్సెనిక్ చెదలనూ రాగికి లొంగని శిలీంధ్రాలనూ చూసుకుంటుంది. క్రోమియం పని ఈ రెంటినీ చెక్క నారకు కట్టిపడేసి వానకు కొట్టుకుపోకుండా చూడటం. కామేశం తెలివంతా ఆ మూడో దానిలో ఉంది. అంతకుముందు కూడా రాగి వాడారు, ఆర్సెనిక్ వాడారు. అవి నీళ్ళలో కరిగి మట్టిలోకి పోయేవి. 'ఆస్కు' పేరుతో మొదలైన ఈ మందు ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కరెంటు స్తంభాలకూ కంచెలకూ పాకింది. ఆకుపచ్చ ఛాయ ఉన్న విదేశీ కంచె గుంజల ఫోటోలు చూసినవాళ్ళలో ఎంతమందికి కామేశం పేరు తెలుసో అనుమానమే.

ఆర్సెనిక్ అన్న మాటే చివరికి దాన్ని ఇళ్ళ నుంచి దూరం చేసింది. అమెరికాలో 2003 చివరితో ఇళ్ళ వాడకానికి ఆ చెక్క తయారీ దాదాపు ఆగిపోయింది, 2004లో ఐరోపా కూడా గట్టి పరిమితులు పెట్టింది. పాత పెరటి కంచె ఊడదీసిన తెలుగువాళ్ళు ఎవరైనా అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటే, ఆ చెక్కను చలిమంటకు వాడొద్దు. ఆర్సెనిక్‌లో కొంత పొగతో లేస్తుంది, మిగతాది బూడిదలో ఉంటుంది. ఇప్పుడొచ్చే మందులు ఆర్సెనిక్, క్రోమియం రెండూ మానేసి రాగి పాలు పెంచాయి. ఈ పెరిగిన రాగి మరో చోట చిక్కు తెచ్చింది. ఆ సంగతి ఇనుప మేకు దగ్గర చెబుతాను.

ఇనుప మేకు అంటే గోడకు కొట్టేది కాదు. బ్రిటన్, జర్మనీ హార్డ్‌వేర్ దుకాణాల్లో గుంజలకు అమ్మే స్పైకు. పైన గుంజ కూర్చునే చతురస్రపు సాకెట్, 75 లేదా 100 మిల్లీమీటర్ల గుంజకు సరిపోయేది. దాని కింద 600 లేదా 750 మిల్లీమీటర్ల పొడవున్న కోసు, నాలుగు రెక్కలతో. అడ్డంగా కోసి చూస్తే కూడిక గుర్తులా ఉంటుంది. సమ్మెటతో నేలలోకి దిగ్గొట్టి, సాకెట్‌లో గుంజ నిలబెట్టి, బోల్టులు బిగిస్తారు. గొయ్యి తవ్వే పని లేదు, కాంక్రీటు కలిపే పని లేదు, అది గట్టిపడేదాకా కాపలా లేదు. అసలు లాభం అది కాదు. చెక్కను మట్టిలోంచి పైకి తీసింది. ఐరోపా ప్రమాణాల్లో చెక్కకు వాడకపు తరగతులున్నాయి: నేలను తాకుతూ ఉండేది నాలుగో తరగతి, ఆరుబయట ఉన్నా నేలకు తగలనిది మూడో తరగతి. స్పైకు గుంజను నాలుగు నుంచి మూడుకు మారుస్తుంది. మండువా ఇంటి రాతి దిమ్మ చేసిన పనే ఇది, రాయి బదులు ఉక్కుతో.

అయితే నేలమట్టపు పోరు దీంతో ఆగిపోలేదు, రెండు కొత్త చోట్లకు మారింది. ఒకటి సాకెట్ అడుగు. చెక్కలోకి నీరు పక్కల నుంచి మెల్లగా, కొస నుంచి చకచకా ఎక్కుతుంది. చెట్టు బతికుండగా వేరు నుంచి ఆకుకు నీరు మోసిన గొట్టాలన్నీ కోసిన కొసలో నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, దీపపు వత్తి నూనె లాగినట్టు నీటిని లాగుతాయి. గుంజ మొదలు సాకెట్ అడుగున నిండుగా ఆని కూర్చుంటే, గుంజ మీది నుంచి జారిన వాన అక్కడే చేరుతుంది. చుట్టూ రేకు ఉంది కాబట్టి గాలి ఆడదు, ఆరదు. మట్టిలోంచి తీసి చెక్కను చిన్న తొట్టిలో పెట్టినట్టయింది. అందుకని కోసిన కొసకు రెండు మూడు సార్లు మందు పట్టించాలి. అడుగున రంధ్రాలున్న సాకెట్ ఎంచుకుని, రంధ్రాలు మట్టితో పూడకుండా సాకెట్ అంచును నేల కంటే కొంచెం ఎత్తులో ఉంచాలి. గుంజ తలను ఏటవాలుగా కోయడమో టోపీ పెట్టడమో చేయాలి. చాలామంది తలకు టోపీ పెడతారు, అందంగా ఉంటుంది కాబట్టి. మొదలును పట్టించుకోరు, కనిపించదు కాబట్టి.

రెండో చోటు ఉక్కే. ఉక్కుకు తుప్పు, చెక్కకు పుచ్చు. ఈ రెంటికీ కావలసినవి నీరూ ఆక్సిజనూ, కలిసే చోటూ ఒకటే. ఉక్కు విషయంలో ఒక తిరకాసు ఉంది. ఒకే లోహపు ముక్కకు ఒక చోట ఆక్సిజన్ ఎక్కువ, ఒక చోట తక్కువ అందితే, ఆ రెంటి మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడి, ఆక్సిజన్ తక్కువున్న భాగమే కరుగుతుంది. కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ గత శతాబ్దం తొలి సగంలో ఉక్కు మీద ఉప్పునీటి బొట్టు వేసి దీన్ని చూపించాడు. తుప్పు బొట్టు అంచున కాకుండా నడుమ మొదలైంది. స్పైకులో కూడా నేలమట్టానికి కాస్త కింద, మట్టి అంటిపెట్టుకున్న చోట, దెబ్బ ముందు పడుతుంది.

దీనికి మందు జింకు. 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ఉక్కును ముంచి తీస్తే పైన పూత పడుతుంది. 1837లో స్తానిస్లాస్ సొరెల్ ఫ్రాన్సులో దీనికి పేటెంటు తీసుకున్నాడు. జింకు కేవలం చొక్కాలా కప్పడమే కాదు. విద్యుత్ రసాయన వరుసలో అది ఇనుము కంటే కింద ఉంది: జింకు -0.76 వోల్టులు, ఇనుము -0.44. పూత మీద గీత పడి ఉక్కు బయటపడ్డా జింకే ముందు కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. రంగు పూత అలా చేయలేదు, గీత పడిందంటే తుప్పు అక్కడి నుంచే దూరుతుంది. సమ్మెట దెబ్బలు తినే వస్తువుకు ఈ తేడా చిన్నది కాదు. రాగి వచ్చి చేరేది ఇక్కడే. రాగి +0.34 వోల్టుల దగ్గర, వరుసలో చాలా పైన ఉంది. కొత్త మందు పట్టిన తడి చెక్కలోంచి రాగి అయాన్లు ఉక్కు మీద, జింకు మీద చేరి కింద ఉన్న లోహాన్ని వేగంగా కరిగిస్తాయి. అందుకే మందు పట్టిన చెక్కతో వాడే స్పైకుకూ బోల్టులకూ మందమైన జింకు పూతో స్టెయిన్‌లెస్ స్టీలో తప్పదు. పలచగా మెరిసే పూత ఉన్న చౌక బోల్టులు కొని ఆదా చేస్తే రెండు మూడు వానాకాలాల్లో తల ఊడి చేతికొస్తుంది.

దిగ్గొట్టే పనికి బలం కన్నా ఓపిక ఎక్కువ కావాలి. ముందు నేల కింద ఏముందో తెలియాలి. బ్రిటన్‌లో కరెంటు కేబుళ్ళు 450 మిల్లీమీటర్ల లోతులోనే ఉండటం మామూలు, 750 మిల్లీమీటర్ల మేకు వాటిని దాటి దిగుతుంది. అమెరికాలో 811కి ఫోను చేస్తే కంపెనీలవాళ్ళు వచ్చి తమ తీగలూ గొట్టాలూ ఎక్కడున్నాయో రంగు గీతలు గీసి వెళతారు. ఆ పని అయ్యాక, గడ్డపారతో సన్నగా కన్నం పొడిచి రాళ్ళు తగులుతున్నాయేమో చూస్తారు. సాకెట్ అంచు మీద నేరుగా సమ్మెట పడకూడదు. గుంజ సైజుదే ఓ గట్టి చెక్క ముక్క సాకెట్‌లో దింపి, దాని మీద కొట్టాలి, లేకుంటే అంచు లోపలికి ముడుచుకుపోయి తర్వాత గుంజ దూరదు. నాలుగు దెబ్బలు, ఒకసారి రసమట్టం. ఒక ముఖానికి పెట్టి, పక్క ముఖానికీ పెట్టి చూడాలి. ఒక దిక్కున నిటారుగా ఉండి రెండో దిక్కున వాలిన మేకును చాలామంది పూర్తిగా దిగాకే గమనిస్తారు. ఇంకోటి: రాయి తగిలితే రెక్కలు పక్కకు తిరిగి మేకు మొత్తం మెలిపడుతుంది, సాకెట్ ముఖం కంచె వరుసకు వంకర అవుతుంది. మూడో వంతు దిగేలోపు సరిచేస్తే సరే. ఆపైన గడ్డపార పెట్టి మెలితిప్పే ప్రతిసారీ చుట్టూ మట్టి వదులవుతుంది, వదులైన మట్టితో మేకు పెట్టీ లాభం లేదు. పీకేసి అడుగు పక్కకు జరగడం మేలు, కంచె కొలత కుదరకపోయినా సరే.

మట్టి బిగువు ఎందుకంత ముఖ్యమో లెక్కే చెబుతుంది. గుంజను గాలి నెట్టినప్పుడు మేకు తన మొత్తం లోతులో సుమారు మూడింట రెండు వంతుల దిగువన ఉన్న ఒక బిందువు చుట్టూ తిరగబోతుంది. ఆ బిందువుకు పైన మట్టిని ఒక దిక్కున, కింద రెండో దిక్కున నెడుతుంది. మట్టి తిరిగి నెట్టే బలం లోతుతో పెరుగుతుంది, ఎందుకంటే లోతున దాని మీద పడే సొంత బరువు ఎక్కువ. స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ బ్రోమ్స్ 1964లో పొట్టి పైళ్ళకు, అంటే నేలలోకి దిగ్గొట్టే స్తంభాలకు, ఇచ్చిన సూత్రం ప్రకారం, ఇసుక నేలలో ఈ పట్టు పాతిన లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆ ఘనాన్ని, గాలి తోసే చోటు ఎత్తునూ పాతిన లోతునూ కలిపిన మొత్తంతో భాగించాలి.

బ్రిటిష్ పెరటి పలక మామూలుగా 1.8 మీటర్ల ఎత్తు, 1.8 మీటర్ల వెడల్పు. ఒక్కో గుంజకు ఒక్కో పలక గాలి. సెకనుకు 20 మీటర్ల గాలి, అంటే గంటకు 72 కిలోమీటర్లు, చదరపు మీటరుకు సుమారు 294 న్యూటన్లు తోస్తుంది. పలక మొత్తం మీద అది దాదాపు 97 కిలోల బరువుతో సమానం. ఇప్పుడు 10 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల లోతు ఉన్న మేకుకు బ్రోమ్స్ సూత్రం ఇచ్చేది 690 న్యూటన్లు, సుమారు 70 కిలోలు. మేకు కిందికి పోనుపోను సన్నబడుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. అంటే గంటకు 61 కిలోమీటర్ల గాలికే ఆ కంచె వాలడం మొదలెడుతుంది. గాలివేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుందని గుర్తుంచుకుంటే, తుఫానులో దాని గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 60 సెంటీమీటర్ల మేకైతే పట్టు 40 కిలోలకు పడిపోతుంది. ఆ పదిహేను సెంటీమీటర్ల పొడవులో దాదాపు సగం బలం ఉంది. అదే 75 సెంటీమీటర్ల లోతున 30 సెంటీమీటర్ల వెడల్పు గొయ్యి తీసి కాంక్రీటు పోస్తే వెడల్పుతో పాటు పట్టూ మూడింతలై, గాలి గంటకు 106 కిలోమీటర్లు దాటేదాకా నిలుస్తుంది. వాతావరణ కేంద్రాలు గాలిని పది మీటర్ల ఎత్తున కొలుస్తాయి, నేల దగ్గర అది తగ్గుతుంది, ఇళ్ళు అడ్డొస్తాయి. అయినా లెక్క చెప్పేది మారదు: చెక్కను మట్టిలోంచి పైకి తీసినందుకు స్పైకు మన దగ్గర పట్టును వసూలు చేస్తుంది. పుచ్చి విరగాల్సిన కంచె ఇప్పుడు పుచ్చకుండానే పడుతుంది.

అలాగని స్పైకును తీసిపారేయలేం. 90 సెంటీమీటర్ల ఎత్తు, సగం ఖాళీలున్న పొట్టి కంచెకు అదే లెక్క వేసి చూడండి. గాలి తాకే చెక్క పావు వంతుకు తగ్గింది, తోసే ఎత్తు సగమైంది. 60 సెంటీమీటర్ల చిన్న మేకే గంటకు 110 కిలోమీటర్ల గాలిదాకా నిలుస్తుంది. ముందు తోట కంచె, పక్షులకు గింజలు పెట్టే స్తంభం, అమెరికా ఇళ్ళ ముందు ఉత్తరాల డబ్బా: ఇవన్నీ స్పైకుకు తగినవి. ద్వారం గుంజకు తగదు. తలుపు తన బరువుతో రాత్రింబవళ్ళు ఒకే దిక్కుకు లాగుతుంది, తెరిచి మూసిన ప్రతిసారీ కుదుపు. ద్రాక్ష పందిరికి, కప్పు వేసిన పెర్గోలాకు అసలే తగదు. గాలి కప్పును పైకి లాగుతుంది, మేకు దిగిన దారినే తిరిగి వస్తుంది. పైకి రాకుండా కావాలంటే మర ఉన్న మేకు కావాలి. సముద్రపు ఇసుక దిబ్బల మీద దీపస్తంభాలు నిలబెట్టడానికి 1833లోనే మరపైలుకు పేటెంటు పొందినవాడు ఐర్లండు ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్. యౌవనంలోనే చూపు పోయిన మనిషి.

నేల మారితే లెక్క మారుతుంది. చికాగోలో చలికాలం మంచు 42 అంగుళాల లోతుదాకా దిగుతుందని నిర్మాణ నియమాలు లెక్కలోకి తీసుకుంటాయి. 750 మిల్లీమీటర్ల మేకు, అంటే 30 అంగుళాలు కూడా లేనిది, పూర్తిగా ఆ గడ్డకట్టే పొరలోనే ఉంటుంది. ప్రతి చలికాలమూ అది కొంచెం పైకి లేస్తుంది. నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం ఉబ్బుతుంది కాబట్టి లేస్తుందని చాలామంది అనుకుంటారు. 1930 ప్రాంతంలో స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు నీటికి బదులు బెంజీనుతో మట్టిని తడిపి గడ్డకట్టించాడు. బెంజీను గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది. అసలు కారణం కిందనుంచి ద్రవం పైకి పాకి గడ్డల పొరల్లో చేరడం. మెత్తటి ఒండ్రులో ఇది ఎక్కువ, ముతక ఇసుకలో దాదాపు ఉండదు.

మన నల్లరేగడికి చలి అక్కర్లేదు. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ బంకమట్టి వానకు ఉబ్బి, మే నెలలో కుంచించుకుని మీటరు దాటి దిగే పగుళ్ళు ఇస్తుంది. 75 సెంటీమీటర్ల మేకు మొత్తం ఆ కదిలే పొరలోనే. జూన్‌లో బిగుసుకుంటుంది, ఏప్రిల్‌లో ఊగుతుంది. లండన్ కింద ఉన్న బంకమట్టిదీ ఈ గుణమే, 1976 కరువులో అక్కడ ఇళ్ళ గోడలే చీలాయి. దానికి తోడు మన దగ్గర చెదలు. స్పైకు ఉక్కును చెదలు తినవు. కానీ దాని పక్కన మట్టి గొట్టాలు కట్టుకుని పైకెక్కి చెక్కను అందుకోగలవు. లాభమల్లా ఆ గొట్టాలు కంటికి కనిపించడమే. పాతిన గుంజలో అవి లోపల్లోపలే పోతాయి. పొలం కంచెలకు మనవాళ్ళు ఎప్పుడో రాతి కడీలకూ సిమెంటు స్తంభాలకూ మారిపోయారు. చెదలూ నల్లరేగడీ ఉన్న నేలలో అది సరైన లెక్కే.

స్పైకుకు ఉన్న ఇంకో మంచి గుణం పెట్టె మీద రాయరు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో గుంజ పుచ్చినప్పుడు బోల్టులు విప్పి పాతదాన్ని లాగి కొత్తది దింపితే సరి. కాంక్రీటులో పాతిన గుంజ విరిగితే, నేలలో అర బస్తా సిమెంటు గడ్డ మిగిలిపోతుంది, దాన్ని పెకలించడానికి ఒక పూట పడుతుంది. అందుకోసమే ప్రత్యేకంగా ఇంకో రకం స్పైకు అమ్ముతారు. దాని కోసు పొట్టిగా, చదునైన పలకలతో ఉంటుంది. దాన్ని మట్టిలోకి కొట్టరు. కాంక్రీటు గడ్డ నడుమ మిగిలిన పాత గుంజ మొద్దులోకి దిగ్గొడతారు. నేలమట్టం దగ్గరే కదా చెక్క చివికింది, అడుగున ఇంకా గట్టిగానే ఉంటుంది, ఉక్కు పలకలను అది బిగించి పట్టుకుంటుంది.